కత్తిరించిన అంచు

సైన్సు మాస్టారికి శుభ్రత పిచ్చి. చేతికి పొడి అంటకుండా సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకుంటారు. నెట్‌లో దొరికిన బొమ్మనైనా కింది అంచు కత్తిరించి, అక్కడ బడి ముద్ర వేశాకే గోడకెక్కిస్తారు. ఆ అంచున ఏవో చిన్న అక్షరాలుంటాయి. ఆయన వాటిని ఏనాడూ చదివిన పాపాన పోలేదు. "కాపీరైటా? పిల్లల కోసమేగా, మనమేమన్నా అమ్ముకుంటున్నామా?" అంటారు. పక్కవాడి పేపర్లో చూసి రాసినవాణ్ణి మాత్రం బెంచీ ఎక్కిస్తారు.

ఆ రోజు, కొత్తగా చేరిన డ్రాయింగ్ టీచరు ఆయన తరగతికొచ్చి, గోడ మీది పువ్వు బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇది నేను గీసిందే మాస్టారూ!" అంది సంబరంగా.

పిల్లలంతా అటు తిరిగారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అయ్యో, మిమ్మల్ని అడగాల్సిందమ్మా..."

"అడగడమెందుకండీ? ఎవరైనా వాడుకోవచ్చు, నా పేరు ఉంచితే చాలని కిందే రాశాను కదా," అంటూ ఆమె చూపించబోయింది. వేలు బడి ముద్ర దగ్గర ఆగింది. ఆమె నవ్వూ అక్కడే ఆగింది.

మాస్టారు ఏ మరకా అంటని అరచేతిని ఆ ముద్ర మీద అడ్డం పెట్టారు, చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లాడు పేపరును కప్పుకున్నట్టు.