ఊరి పెళ్లికూతుళ్ల వడ్డాణం

మా ముత్తాతగారు మునసబు. తాతగారు సమితి ప్రెసిడెంటు. ఆయన వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. నాన్నగారు కోర్టు వాయిదాలకే పొలమంతా పోగొట్టారు కానీ, ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటలేదు. నాదీ ఆయన పోలికే.

సిడ్నీలో నా పని ఇంటింటికీ వెళ్లి, సంసారం ఎలా గడుస్తోంది, మనసు ఎలా ఉంటోంది అని సర్వే కోసం అడిగి రాసుకోవడం. ఎవరి తలుపు కొట్టడానికీ జంకను, తెలుగువాళ్ల తలుపు తప్ప. వాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు.

ద పాండ్స్ అనే పేటలో ఆ రోజు తలుపు తీసిన ఆంటీ, నేను ట్యాబ్ తెరిచేలోపే మొదలుపెట్టారు.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను. మా ఇంట అబద్ధం అలవాటు లేదు.

"మునసబుగారింటి పిల్లవా! మాది మీ పక్కూరే. నా పెళ్లికి మీ నానమ్మగారి వడ్డాణమే పెట్టారు తెలుసా? చుట్టుపక్కల పెళ్లికూతుళ్లందరికీ అదేగా! 'వడ్డాణం తిరిగిచ్చేశాం, నిన్నే ఇవ్వలేకపోయాం' అని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు."

నవ్వాను.

"ఉందా అమ్మా ఇంకా?"

"నా దగ్గరే ఉందండీ."

ఎలా అనేశానో తెలియదు. ఆంటీ మేడ మీదికి కేకేశారు: "అమ్మలూ, నీకు వడ్డాణం దొరికింది!"

"మమ్, నో హెవీ స్టఫ్, ప్లీజ్!" అంది పైనుంచి కూతురు.

"దాని మాటకేంలే. వచ్చే నెల్లోనే వెడ్డింగ్. ముహూర్తం టైముకి ఒక్క గంట ఇవ్వమ్మా, చాలు."

తల ఊపాను. ప్రశ్నల వరస మార్చకూడదు. ట్యాబ్‌లో తర్వాతిది చదివాను: "ఈ ఏడాదిలో డబ్బు చాలక ఏదైనా వస్తువు అమ్మారా, తాకట్టు పెట్టారా?"

"లేదమ్మా. అయినా మీ ఇంట్లో ఎరగని ఇబ్బందులు మమ్మల్ని అడుగుతావేంటి!" అని నవ్వి, నా నంబరు రాసుకున్నారు.

కారులో కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. పక్కూరంటే ఒక్క ఫోను దూరం. ఆవిడ ఊరికి ఫోను చేస్తే సంగతి మా అన్నయ్య దాకా వెళుతుంది. అన్నయ్యకు కూడా నేను చెప్పలేదు. పెళ్లిలోపు ఆంటీ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మూడుసార్లూ అది మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ తెలియని నంబరు మోగితే ఫోను బోర్లా పెట్టేస్తాను.

నానమ్మ నాకిచ్చిన ఆ వడ్డాణాన్ని, ఆంటీ తలుపు కొట్టడానికి రెండు నెలల ముందే, ఇంటి అద్దె కట్టడానికి, బ్లాక్‌టౌన్‌లో ఒక బంగారం కొట్టులో తూకానికి అమ్మేశాను.