రెండో గీత పడిన ఆరుగురు

మా అత్త జమ్మలమడుగు మిషన్ బడిలో లెక్కల టీచరుగా రిటైరైంది. బెత్తం బడిలోనే వదిలేసి వచ్చింది గానీ గొంతు మాత్రం వెంట తెచ్చుకుంది.

కోత పండుగకు ముందు చర్చి ఆవరణలో ఉచిత రక్తపరీక్షల శిబిరం పెట్టారు. వేలికి సూది గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని చిన్న పట్టీ మీద వేస్తారు. రెండు గీతలు పడితే కాలేయాన్ని పట్టే హెపటైటిస్ బి ఉండొచ్చని అర్థం. అనుమానం ఉన్నవాళ్లు పదిమంది వస్తే చాలని పులివెందుల నుంచి వచ్చిన టెక్నీషియన్ అనుకున్నాడు. మా అత్త గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"పరీక్ష రాయకుండా ఎవురూ ఇంటికి పోగూడదు" అంది.

శిబిరంలో పెట్టే ఉప్మా కోసం వచ్చిన పక్కవీధి రెడ్డి మామ కూడా వేలు చాపక తప్పలేదు. మొత్తం రెండొందల యాభై మంది. ఆరుగురికి రెండో గీత పడింది. అందులో పాస్టరయ్య ఒకరు, రెడ్డి మామ ఒకరు, మా అత్త ఒకరు.

ఆ పూటే అత్త తన కంచం, చెంబు వేరు పెట్టుకుంది. ఏళ్ల తరబడి కోత పండుగ విందుకు గరిటె పట్టేది ఆమే. "ఈ తూరి నేను పొయ్యి కాడికి రాను మ్మే" అని ఫోన్లో చెప్పింది. ఆమె అంత మెత్తగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

నేను ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. పెద్ద ల్యాబులో మళ్లీ రక్తమివ్వడానికి వచ్చిన ఆరుగురూ మా ఇంట్లోనే దిగారు. నా క్లాసులో ఇంత శ్రద్ధగా వినేవాళ్లు ఎన్నడూ దొరకలేదు. వరండాలో కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

"మా కుక్క దొంగొస్తే తప్పకుండా అరుస్తాది. చుట్టాలొచ్చినా అప్పుడప్పుడు అరుస్తాది. దొంగ ఎప్పుడో గానీ రాడు, చుట్టాలు దినామూ వస్తాంటారు. కుక్క అరిచిందంటే వాకిట్లో ఎవరుంటారు?"

"చుట్టమే" అన్నాడు రెడ్డి మామ.

"ఆ పట్టీ కూడా అంతే మామా. జబ్బు లేకున్నా నూటికి ఇద్దరికి గీత గీస్తాదనుకో. రెండొందల యాభైకి ఐదుగురు. నిజంగా ఉండేటోళ్లు ఒకరే అనుకో. మొత్తం ఆరు. అంటే మీలో ఐదుగురికి ఏమీ లేదు."

పాస్టరయ్య గడ్డం నిమురుకుంటూ, "ఆ ఒకరు ఎవురమ్మా?" అన్నారు.

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెడ్డి మామ బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ ఊపులోనే, "అత్తా, నీకైతే లేదు. నిమ్మళంగా గరిటె పట్టు" అనేశాను.

"నీకెట్ల తెలుసు?"

"లెక్క చెప్తాంది."

మూడు రోజులకు రిపోర్టులు వచ్చాయి. ఐదుగురికి ఏమీ లేదు. ఉన్నది మా అత్తకు.

డాక్టరుగారు కంగారేమీ పడలేదు. ఇప్పటికి మందులు అక్కర్లేదనీ, విడవకుండా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలనీ, ఇంట్లోవాళ్లంతా టీకా వేయించుకోవాలనీ చెప్పారు. అత్త అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, వంట చేయొచ్చా అని. తిండి వల్ల ఇది అంటుకోదని ఆయన చెప్పాక గానీ కుర్చీలోంచి లేవలేదు.

పాస్టరయ్య ఆ మాటను ఆదివారం అందరికీ వినిపించారు. అయినా పండుగ రోజు ఆకుల ముందు కూర్చోవడానికి జనం కాసేపు తటపటాయించారు. ముందుగా వచ్చి కూర్చున్నది ఆ ఐదుగురే. రెడ్డి మామ రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

పొయ్యి దగ్గర నేను తలెత్తలేకపోయాను. "తప్పు చెప్పినాను అత్తా" అన్నాను.

"ఆరుగురిలో ఒకరికి ఉంటాదన్నావు, ఉండాది. లెక్కకు నూటికి నూరు" అంది, గరిటె తిప్పుతూనే. "నాకు లేదన్నావే, అది లెక్కేసి చెప్పింది కాదులే మ్మే. నామీద ప్రేమతో చెప్పినావు. దానికి నేను మార్కులు వేయలేను."