వలల తీజానీ సాక్ష్యం

మహ్దియా రేవులో వలలు బాగుచేసే తీజానీకి అరవై నాలుగేళ్లు. మాటలు అమ్ముకుని బతికే ఊళ్లో మాట దాచుకుని బతికినవాడు ఆయన. నలుగురూ ఒకేసారి అరుస్తుంటే సూదికి దారం చుట్టుకుంటూ వింటాడే తప్ప నోరు విప్పడు. అందుకే ఎప్పుడైనా విప్పాడంటే కాఫీ కొట్టులో పేకముక్కలు కూడా చేతుల్లోనే ఆగిపోతాయి.

బుర్జ్ ఫుట్‌బాల్ క్లబ్ మైదానంలో గోల్ వలలు కూడా ముప్ఫై ఏళ్లుగా ఆయన చేతివే. సముద్రపు గాలికి దారం పుచ్చిపోతుంది. గట్టి బంతి తగిలితే ముడులు తెగుతాయి. ఆ నెపంతో ఊళ్లో ఆట ఉన్నప్పుడల్లా సూదీ దారం పట్టుకుని, గోల్ వెనక చిన్న పీట మీద కూర్చునే హక్కు సంపాదించుకున్నాడు. సగం ఆట అయ్యాక జట్లు చోటు మార్చుకుంటే ఆయన కూడా పీట ఎత్తుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. జనం ఈలలు వేసి నవ్వినా పట్టించుకోడు. ఎప్పుడూ గోల్ కాసే మనవాడి వెనకే కూర్చోవాలి, అంతే.

ఆ మనవాడు తొమ్మిదేళ్లుగా వజ్దీ. ముప్ఫై ఒకటో ఏడు నడుస్తున్న గోల్‌కీపరు. రొట్టెలు కాల్చి అమ్మే మన్నూబియాకు ఒక్కగానొక్క కొడుకు. ఈ ఏడాది ఆటలు ముగియగానే గల్ఫ్‌లో ఒక క్లబ్‌కు వెళ్లిపోతున్నాడు. వెళ్లేవాడు వెళ్లక, ఆఖరి ఐదు ఆటల్లో పదకొండు గోల్స్ తిన్నాడు.

"పదకొండు!" అన్నాడు కాఫీ కొట్టులో లస్సాద్, తన చిన్న పుస్తకం మీద వేలితో కొడుతూ. పోస్టాఫీసు గుమాస్తా ఆయన. ఉత్తరాల మీద ముద్రలైనా తప్పు పడతాయేమో గానీ ఆ పుస్తకంలో గోల్స్ తప్పు పడవు. "పోయినేడు ఇవే ఐదు జట్ల మీద మూడంటే మూడు. అలాంటోడి కోసం గల్ఫ్ వాళ్లు మన క్లబ్‌కి ఆరు లక్షల దీనార్లు ఇస్తారంట. ఎందుకిస్తున్నట్టు? ఇందులో ఏదో మతలబుంది."

చేపల వేలం పాడే హమ్మాదీ హుక్కా గొట్టం పక్కన పెట్టాడు. "మతలబా? మా సంతకి రా, రోజూ చూపిస్తా. కొనేవాడితో కుమ్మక్కైన పడవోడు మంచి చేపని మంచు కింద దాచేసి, పైన కళ్లు తేలేసిన దాన్ని పెడతాడు. ధర పడిపోద్ది. కొనేవాడికి చవకబేరం, పడవోడికి చాటుగా వాటా. ఆరు లక్షలంటున్నారే, ఫిబ్రవరిలో పదన్నారు! నాలుగు ఎక్కడికి పోయింది?"

"మన క్లబ్ అధ్యక్షుడి జేబులోకేమో."

"ఆయన జేబులోకి, ఈడి జేబులోకి, ఆ ఇద్దరికీ మధ్య నడిచినోడి జేబులోకి! నిన్న రెండో గోల్ పడ్డాక చూశావా? భుజం తడుముకుంటా నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగెవడంటే అదే వరస."

కొట్టు గొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక అందరి తలలూ మెల్లగా కిటికీ పక్క బల్ల వైపు తిరిగాయి.

"తీజానీ బాబాయ్, వాడి వెనకాల కూర్చునేది నువ్వు. నువ్వు చెప్పు, మేం ఊరుకుంటాం," అన్నారు ఎవరో.

తీజానీ ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఆ వారమంతా ఆయన మనసులో ఒక ముల్లు కెలుకుతూనే ఉంది. తెగిన వల ఏ చేతుల్లోకి వచ్చినా అది ఎలా తెగిందో చెప్పగలనని ఆయన ధీమా.

"చేపల వల ఒకసారి చిరిగితే సముద్రం చేసిన పని," అన్నాడు. "రెండోసారి అక్కడే చిరిగితే కింద రాయుంది. మూడోసారీ అక్కడే చిరిగితే కత్తుంది. మన ఊళ్లో ఆడినవాటిలో ఏడు గోల్స్ పడ్డాయి. అందులో ఆరింటికి ముడులు ఒకే చోట కట్టాను, మైదానం రెండు చివర్లా. వాడి ఎడమచేతి కింద మూల. అటు పడడం వాడికి తెలియక కాదు. తొమ్మిదేళ్లు పడ్డాడు. తెలిసే వదులుతున్నాడు."

ఆ మాట ఆయన నోట్లోంచి రావడమే ఆలస్యం. సాయంత్రం నమాజు వేళకు చేపల సంత దాటింది, మర్నాటికి మన్నూబియా ఇంటి గోడెక్కింది. పడవలకు పూసే తారుతో ఎవరో 'అమ్ముడుపోయాడు' అని రాశారు. ఆమె పొయ్యి దగ్గర రొట్టెల కోసం నిలబడే వరస సగానికి తగ్గింది.

మూడో రోజు పొద్దున్నే వజ్దీ వలల కొట్టానికి వచ్చాడు. బెదిరించడానికే వచ్చాడనుకున్నాడు తీజానీ. సూది చేతిలోంచి వదల్లేదు.

"నా గురించి ముందు అన్నది నువ్వేనంట, బాబాయ్."

"అన్నాను. అబద్ధమైతే అబద్ధమని చెప్పు."

"అబద్ధమే. కానీ అబద్ధమని నువ్వు ఎవరితోనూ అనకు. అది అడగడానికే వచ్చా."

తీజానీ కళ్లు చిన్నవయ్యాయి. దొంగతనం చేసినవాడు కాదనాలి, చేయనివాడు ఏడవాలి. ఇదేం తిరకాసు?

వజ్దీ తలుపు దగ్గరగా వేసి చెప్పాడు. ఫిబ్రవరిలో గఫ్సాలో ఆడుతూ గట్టి నేల మీద పడ్డప్పుడు ఎడమ భుజం జారింది. పక్క ఊరు క్సూర్ ఎస్సాఫ్‌లో ఎముకలు సరిచేసే ముసలాయన దాన్ని లోపలికి తోశాడు. అప్పటినుంచి చెయ్యి అటు చాస్తే చాలు, మళ్లీ జారుతోంది. ఎవరికీ చెప్పలేదు.

ఇదీ కట్టుకథేమోనని తీజానీకి అనుమానం. పట్టుబడినవాడికి నొప్పులు తొందరగా వస్తాయి. ఆయన ఉన్నట్టుండి చేతికందిన, వల తేలేందుకు కట్టే బెండు బిళ్లను వజ్దీ ఎడమవైపుకు విసిరాడు. తొమ్మిదేళ్ల అలవాటు కదా, వజ్దీ చెయ్యి దానంతటదే లేచింది. సగం దాకా లేచి ఆగిపోయింది. అతను అరవలేదు. వలల గుట్ట మీద కూలబడి పళ్లు బిగించాడు. ముఖమంతా చెమట పట్టింది. ఆ చెమట చూశాక తీజానీకి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

"పాపం కట్టుకున్నాను రా," అన్నాడు. "ఇప్పుడే వెళ్లి నలుగురిలో చెబుతాను."

"చెబితే చచ్చిపోతాను! నీ మాట విన్నాకే కదా గల్ఫ్ వాళ్లు వెనక్కి పోలేదు. ధర తగ్గించడానికి కావాలనే వదుల్తున్నాడు, చేతులు బానే ఉన్నాయి అనుకుంటున్నారు. నన్ను దొంగే అననీ బాబాయ్. దొంగకి ధరుంటది. చెయ్యి పోయినోణ్ణి సంతలో ఎవడూ ముట్టుకోడు. రేపు ఈ భుజంతో మా బావ పడవలో వల కూడా లాగలేను."

"అంటే కొనేవాళ్లని మోసం చేస్తావా?"

"చేస్తా. సంతకమయ్యాక వాళ్ల ఆసుపత్రిలోనే కోయించుకుంటా, మళ్లీ నిలబడతా. ఇక్కడ నాకెవడు కోయిస్తాడు చెప్పు?"

"మీ అమ్మకి తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటదా? పొయ్యి దగ్గర నిలబడి ఊరంతా వినేలా అరుస్తది. నేను విమానం ఎక్కేదాకా ఆగు. తర్వాత నువ్వే చెప్పు."

తీజానీ మాట ఇచ్చాడు. అబద్ధమాడమని ఎవరూ అడగడం లేదు, నోరు మూసుకోమనే కదా అడుగుతున్నాడు అని సర్దిచెప్పుకున్నాడు. నోరు మూసుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ గురువారం కాఫీ కొట్టులో కొత్త మనిషొకడు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ముందు పెట్టిన కాఫీని రెండే గుక్కలు తాగాడు. గల్ఫ్ క్లబ్ మనిషని నిమిషంలో అందరికీ తెలిసిపోయింది. శుక్రవారం సంతకాలు. ఆలోపు ఊరి నోట వినిపోదామని వచ్చినట్టున్నాడు. అతను విననట్టు నటిస్తున్నాడని వీళ్లకు తెలుసు. వీళ్లు అతని కోసమే గొంతు పెంచుతున్నారని అతనికీ తెలుసు.

"దొంగైతే అయ్యాడు గానీ చేతులు మాత్రం బంగారం," అంటున్నాడు హమ్మాదీ. "ఆరుకి దొరికితే దోచుకున్నట్టే."

అప్పుడు గుమ్మంలో మన్నూబియా కనబడింది. మగవాళ్ల కాఫీ కొట్టులోకి ఆ పేటలో ఏ ఆడమనిషీ అడుగుపెట్టదు. ఆమె పెట్టింది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెను గుడ్డలో చుట్టి తెచ్చింది. ఎవరినీ చూడకుండా నేరుగా కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చి, గుడ్డ విప్పి రొట్టె తీజానీ ముందు పెట్టింది. ఆవిరి ఇంకా లేస్తోంది.

"అన్నా, ఊరు వంద అంటది. నాకు ఊరితో పన్లేదు. నువ్వు చెప్పు. దేవుడిచ్చిన రొట్టె ఇది. దీనిమీద చెయ్యేసి చెప్పు. నా కొడుకు తెలిసే వదిలాడా?"

రొట్టె మీద ప్రమాణం అంటే అక్కడ ఆట కాదు. దానిమీద అబద్ధమాడినవాడి చేతికి ఇక బరకత్తు ఉండదని, పట్టిందేదీ కలిసిరాదని అంటారు. అలాంటివాడితో ఎవరూ ఒకే పళ్లెంలో తినరు. హమ్మాదీ కూడా హుక్కా ఆపేశాడు. మూల బల్ల దగ్గర ఇస్త్రీ చొక్కా మనిషి కప్పు కింద పెట్టి, మొదటిసారి తిన్నగా ఇటు చూశాడు.

తీజానీ మనసులో లెక్క వేసుకున్నాడు. కాదంటే, మరి ఎందుకు వదిలాడని ఆ మనిషి అడుగుతాడు. సమాధానం చెప్పనక్కర్లేదు, అడిగితే చాలు, రేపు డాక్టరు చెయ్యి ఎత్తమంటాడు. మాట్లాడకపోయినా అంతే. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయాడు. మన్నూబియా కళ్లలోకి చూడలేక రొట్టెనే చూశాడు. ఆమె మాత్రం ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.

ఆయన అరచెయ్యి రొట్టె మీద పెట్టాడు. కాలింది.

"తెలిసే వదిలాడమ్మా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మన్నూబియా ఏడుస్తుందనుకున్నారు, తిడుతుందనుకున్నారు. ఆమె రొట్టెను ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంది. మళ్లీ గుడ్డలో చుట్టుకుంది.

"ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు అన్నా. నువ్వు కాబట్టి నమ్ముతున్నా. నాకిక కొడుకు లేడు. వెళ్లేముందు నా గుమ్మం తొక్కొద్దని చెప్పండి."

శుక్రవారం ఆరు లక్షలకు సంతకాలు అయ్యాయి. ఆదివారం వజ్దీ వెళ్లేముందు తల్లి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పిలిచాడు, తట్టాడు. తలుపు తెరుచుకోలేదు. ఇరుగూ పొరుగూ కిటికీల్లోంచి చూసి, తగిన శాస్తి జరిగిందనుకున్నారు. కాఫీ కొట్టులో మాత్రం తీజానీ పరువు మునుపటికంటే పెరిగింది. ఆయన కూర్చోకముందే కాఫీ వచ్చేది. దాన్ని ముట్టకుండానే ఆయన లేచిపోయేవాడు.

విమానం దిగానని వజ్దీ దగ్గర్నుంచి కబురు రాగానే తీజానీ మన్నూబియా పొయ్యి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. భుజం సంగతి, గఫ్సా సంగతి, క్సూర్ ఎస్సాఫ్ ముసలాయన సంగతి, బెండు బిళ్ల సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. జీవితంలో అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మన్నూబియా పిండి పిసకడం ఆపకుండా అంతా విన్నది.

"అన్నా, మొన్న రొట్టె మీద చెయ్యేసి ఒకటి చెప్పావు. ఇవాళ ఉత్త చేతుల్తో వచ్చి ఇంకోటి చెబుతున్నావు. ఏది నమ్మమంటావు?"

"ఇదే నిజం తల్లీ. ఇదే."

"వాడు పంపాడా నిన్ను?"

విమానం ఎక్కాక నువ్వే చెప్పమన్నది వాడే మరి. పొయ్యి పక్కన చాప మీద అప్పుడే తీసిన రొట్టెలు పది దాకా ఉన్నాయి. వాటిలో ఒక్కదాని మీదైనా చెయ్యి పెట్టే హక్కు ఆయనకిక లేదు.