కంభం వచ్చేదాకా

బౌద్ధ ధ్యాన శిబిరంలో పదిరోజులుండి వచ్చిన మూడోరోజు, రైల్లో గిద్దలూరు వెళ్తున్నాను. ఇక రోజూ గంటసేపు ధ్యానానికి కూర్చుంటానని గురువుగారికి మాటిచ్చాను కానీ, అప్పుడే విసుగొచ్చేసింది. మార్కాపురం దాటాక కళ్లు మూసుకుని, రెండు నిమిషాలకే తెరిచాను.

"ఏంది నాయనా, తలనొప్పా?" అని ఎదురు సీట్లో పెద్దామె అడిగింది. కంభంలో బట్టలు కుట్టే ముస్లిం ఆమె.

"ధ్యానమమ్మా. మనసు నిలవట్లేదు. మానేద్దామనుకుంటున్నా."

"మనసు కుదిరితేనే నమాజు చేస్తానంటే నేనెప్పుడు చేసేది? టైముకి లేచి నిలబడతా. మనసు నిదానంగా ఎనకాల వస్తాది" అని నవ్వింది. వెంటనే చుట్టూ ఉన్నవాళ్లతో, "ఈ అబ్బాయి ధ్యానం చేస్తాడంట. కంభం వచ్చేదాకా ఎవరూ మాట్లాడొద్దు!" అంది.

నిజంగానే అందరూ ఊరుకున్నారు. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఒక కన్ను తెరిచి చూస్తే, పల్లీలాయన సైగలతో పొట్లాలు అమ్ముతున్నాడు. అంతమంది నాకోసం నోరు మూసుకుని కూర్చుంటే నేను లేచేదెట్లా? మనసు ఎక్కడెక్కడో తిరిగింది. నేను మాత్రం కదల్లేదు.

కంభంలో ఆమె నా భుజం తట్టింది. "వచ్చిందా మనసు?"

"కొంచెం వచ్చిందమ్మా."

"చాల్లే. ఇంక మాట్లాడుకోండి!" అని అందరికీ చెప్పి దిగిపోయింది. బోగీ అంతా గొల్లున నవ్వింది.

మర్నాడు పొద్దున్నే గిద్దలూరులో, మనసును అడక్కుండానే కూర్చున్నాను.