నర్సక్క మాట

పొద్దున నీలం నగర్‌లో మా వీధి ఆడవాళ్ళు బీడీలకని నానబెట్టిన తునికాకు కట్టలు విప్పారు. ఆ పచ్చి వాసనకి నర్సక్క గుర్తొచ్చింది. మా పక్కింట్లో ఉండేది, నాతోపాటు బీడీలు చుట్టేది. ఆమె అరచేతుల్లో, అరికాళ్ళలో చీముపొక్కులు లేచేవి. ఎండి పెచ్చులు కట్టేవి, చర్మం పగిలేది, మళ్ళీ కొత్తవి లేచేవి. ఏళ్ళ తరబడి ఇదే. రక్తం అంటిన బీడీలను కార్ఖానాలో పక్కన పారేసేవారు. వీధిలో ఆమెకు నీళ్ళిచ్చే గ్లాసే వేరు.

"అంటుకునే రోగమైతే నా మొగనికి ఎన్నడో అంటుకోవాలె. వాడు దగ్గరికొస్తే గద!" అని ఆమే నవ్వేది.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అప్పటికి నా కూతుళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. చేటలో తంబాకు పొడి పరిచి, వేలు పెడితే మంట పుడుతుందని కత్తెర మొనతో గీసేది.

"నాకేందక్కా, ఈ వయసుల?" అంటే, "నోర్ముయ్యి, దిద్దు. ఖాళీ తలకాయ ఏసుకొనే పోతవా?" అని కసిరేది.

పెద్ద దవాఖాన డాక్టరు ఇది అంటురోగం కాదని చెప్పి మాత్రలిచ్చాడు. వాటిని తగ్గించాలంటే తానే కొంచెం కొంచెంగా తగ్గిస్తానని, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని హెచ్చరించాడు. చేతులు మెల్లగా తేరుకున్నాయి. ఆ ఎండాకాలమే జ్వరం వచ్చి, పొట్టమీద అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచాయి. నర్సక్క అత్త చూసి "తల్లి పోసింది" అని తేల్చేసింది. గుమ్మానికి వేపకొమ్మలు కట్టింది. తల్లి ఒంటిమీద ఉండగా మందు మింగకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మాత్రలు దాచేసింది.

గోడ అవతలనుంచి నాకు వినబడేది.

"తల్లి కాదత్తా, ఇది నా పాత రోగమే. నాకెర్క. గోలీలియ్యి."

"జ్వరంల ఏందేందో అంటున్నది. తప్పు కాయి తల్లీ!"

ఆ అత్త చెడ్డ మనిషి కాదు. కోడలి పక్కనే కూర్చుని వేపమండలతో విసిరింది, తాను పస్తుండి మొక్కింది. ఆ భక్తితోనే చంపింది.

చివరికి నేను గుమ్మం దాటాను.

"మైల జేస్తవా? బైటికి నడువ్!" అంది అత్త.

"నడుస్త. ఆమెను తీస్కొనే నడుస్త."

దుప్పటి తీస్తే చర్మం కనబడలేదు. సన్నటి చీముపొక్కులు ఒకదానిలో ఒకటి కలిసి మడుగులు కట్టాయి. ఒళ్ళు కాలిపోతోంది, ఆమె వణుకుతోంది.

"వచ్చినవా లక్ష్మీ? నా మాట ఎవ్వలు ఇంటలేరే" అంది.

ఆటోలో దవాఖానకు చేర్చాను. మందులు ఆపడంతోనే ఇంత ముదిరిందని, చీము విషం రక్తంలోకి ఎక్కిందని డాక్టరు చెప్పాడు. నర్సక్క తిరిగి రాలేదు.

ఇప్పుడు ఎవరింట్లో ఎవరు జబ్బుపడ్డా నేను అత్తనూ అడగను, మొగుణ్ణీ అడగను. పెద్దదాన్ని కదా, నన్ను ఎవరూ తోసెయ్యలేరు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, పడుకున్న మనిషినే అడుగుతాను: "నీకేమైతున్నదో నువ్వు చెప్పు." ఆ మనిషి చెప్పడం అయిపోయేదాకా అక్కడినుంచి లేవను.