అందింది అని నొక్కాను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఎండాకాలంలో మా ఊరి మంచినీళ్ళ ప్లాంటులో నన్ను ఆపరేటరుగా వేశారు. మాది ఉద్దానం తీరం, పలాస నుంచి ఆటోలో గంట దారి. ఇక్కడ కిడ్నీలు పోవడం బోరు నీళ్ళ వల్లనే అని కొందరంటారు, కాదని కొందరంటారు. మా ఆయన ఆ జబ్బుతోనే పోయాడు, అందుకే కమిటీవాళ్ళు ఆ పని నాకిచ్చారు. అరవై నిండాక దిగిపోయాను. ఇదంతా నేను నోటితో చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

ఆపరేటరంటే అన్నిటికన్నా కింది ఉద్యోగం. పైన సూపర్వైజరు గారు పలాసలో ఉంటారు, చుట్టుపక్కల ఊళ్ళ ప్లాంట్లన్నీ ఆయన చేతికిందే. పొద్దున్నే మోటారు వేయాలి, ఇసుక ఫిల్టరు కడగాలి, టిన్నులు పట్టాలి. గంటకోసారి మీటరు చూసి పుస్తకంలో అంకె వేయాలి. నీళ్ళలో ఉప్పూ ఖనిజాలూ ఎంతున్నాయో ఆ అంకె చెబుతుంది. దాన్ని టీడీఎస్ అంటారు. మాకు నూట యాభై హద్దు. అది దాటితే లోపల నీళ్ళు వడకట్టే పొర దెబ్బతిందని అర్థం, కుళాయి కట్టేయాలి. అంకెలు నాకు వచ్చు. అక్షరాలైతే ఒక్కొక్కటీ కూడబలుక్కుంటాను, మాట చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐదో తరగతి అని చెప్పాను. రెండుతో ఆపేశాను.

చేరిన ఆరు నెలలకు టెక్కలి నుంచి కిరణ్ అనే టెక్నీషియన్ వచ్చి మీటరుకు ఒక పెట్టె బిగించాడు. ఇక పుస్తకం అక్కర్లేదు, పెట్టే చూసుకుంటుంది అన్నాడు. హద్దు దాటినా, కరెంటు పోయినా, ట్యాంకు నిండినా ఆ క్షణంలోనే అది తనంతట తానే ఒక ఇంటర్నెట్ చిరునామాకు కబురు కొడుతుందట. దాన్ని వెబ్‌హుక్ అంటారు. మనం వెళ్ళి అడగక్కర్లేదు, అదే వచ్చి తలుపు తడుతుంది. ఆ చిరునామా నుంచి కబురు నా ఫోనుకు మెసేజీగా వస్తుంది. కింద "అందింది" అని పచ్చ గుర్తు ఉంటుంది. పావుగంటలో నేను దాన్ని నొక్కకపోతే కబురు సూపర్వైజరు గారికి పోతుంది. నొక్కితే నేను చూసుకుంటున్నానని లెక్క, పైకి పోదు.

ఇదంతా ల్యాప్‌టాప్‌లో పెడుతూ కిరణ్ నన్నడిగాడు, టిన్నులతో వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరూ వింటుండగా.

"మెసేజీ రాతలో పెట్టీమంటావా అమ్మా, ఫోను మోగి మాటలా వచ్చీలా పెట్టీమంటావా? సదవడం వచ్చు గదా?"

నేను నోరు తెరిచేలోపు వరసలోంచి ఎవరో అన్నారు, "మన నూకమ్మకేటి బాబూ, పేపరు కూడా సదివేత్తాది." అందరూ నవ్వారు.

"రాతలోనే పెట్టు," అన్నాను.

పెట్టాక పరీక్ష చేశాడు. గ్లాసు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి మీటరు పుల్ల అందులో ముంచాడు. నా ఫోను మోగింది. ఏటని వచ్చింది అన్నాడు. తెర వైపు కాసేపు చూసి, ఉప్పెక్కువైందని వచ్చింది అన్నాను. ఉప్పు కలపడం నా కళ్ళతో చూశాను కదా. కిరణ్ పరీక్ష సరిపోయిందని తన జాబితాలో గుర్తు పెట్టుకున్నాడు.

తర్వాత రెండు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. కరెంటు పోతే మెసేజీ, ట్యాంకు నిండితే మెసేజీ. అప్పటికే నా కళ్ళముందు జరిగిందే అందులో ఉండేది. తేదీ, టైము, ప్లాంటు నంబరు, ఇంకేవో అంకెలు, వాటిలో ఏది దేనిదో తెలిసేది కాదు. రాగానే పచ్చ గుర్తు నొక్కేదాన్ని. నూకమ్మ మెసేజీలు భలే చురుగ్గా చూస్తుందని సూపర్వైజరు గారు కమిటీతో అన్నారట. పుస్తకం పోయాక మీటరు వైపు చూడటమూ మానేశాను.

ఒక సోమవారం మెసేజీ వచ్చింది. కరెంటుంది, ట్యాంకు నిండలేదు. నడుమ ఒకసారి కరెంటు పోయి వచ్చుంటుందిలే అనుకుని నొక్కాను. సాయంత్రం మళ్ళీ వచ్చింది, మంగళవారం ఇంకోటి. ఎవరికైనా చూపించి చదివించుకోవచ్చు. వరసలో బడికెళ్ళిన పిల్లలున్నారు. వాళ్ళకు చూపిస్తే నాకు రాదని తెలిసిపోతుంది. నొక్కాను.

బుధవారం పొద్దున్న ఎర్రమ్మ వదిన పప్పుగిన్నెతో సహా ప్లాంటుకు వచ్చింది. ఆమె భర్త దానయ్య వారానికి రెండుసార్లు పలాసకు డయాలిసిస్‌కి వెళ్తాడు. ఆయనకు నీళ్ళు కొలిచి గ్లాసుతో ఇస్తుంది.

"ఈ పప్పు సూడు నూకమ్మా. పొయ్యి మీద ఎంతసేపున్నా గుళ్ళు గుళ్ళుగానే ఉంది. నిన్నా ఇలాగే. మీ నీళ్ళు బోరు నీళ్ళనాగున్నాయి."

ఉప్పు నీళ్ళకు పప్పు ఉడకదని మా వైపు ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. మీటరు చూశాను. నాలుగు వందలు దాటి ఉంది. కుళాయి కట్టేశాను. సూపర్వైజరు గారికి ఫోను చేశాను. ఆ రెండు రోజుల్లో ఊరంతా అవే నీళ్ళు పట్టుకెళ్ళింది.

మధ్యాహ్నానికి సూపర్వైజరు గారు, కిరణ్ వచ్చారు. ఎర్రమ్మ గిన్నె పక్కన పెట్టుకుని అప్పటిదాకా అక్కడే కూర్చుంది. పొర దగ్గర రబ్బరు రింగు తెగి బోరు నీళ్ళు కలిసిపోతున్నాయి. ల్యాప్‌టాప్‌లో చూస్తే కబురు మూడుసార్లూ వెళ్ళింది, మూడుసార్లూ నా నంబరు నుంచి "అందింది" అని జవాబు వచ్చింది. ఏమిటమ్మా ఇది అని సూపర్వైజరు గారు అడిగారు. పొరపాటున చెయ్యి తగిలిందండి అన్నాను. మూడుసార్లా అన్నారు.

అప్పుడు ఎర్రమ్మ అడ్డు వచ్చింది. "మా నూకమ్మ సదువుకున్న మనిసి బాబూ. సూసి కూడా మాకు అలాటి నీళ్ళు పోత్తాదా? మీ మిసనే తప్పు సెప్పుంటాది."

ఆ మాటతో ఇక దాచలేకపోయాను. "నాకు సదవడం రాదు," అన్నాను. "ఒక్క మెసేజీ కూడా నాను సదవలేదు."

 ఎర్రమ్మ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నెలరోజులు పక్క ఊరి ప్లాంటుకు నడిచి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంది. నన్ను తిట్టుంటే బాగుండేది. కిరణ్ మాత్రం వెళ్ళేముందు, "ఆ రోజు ఒక్క ముక్క సెప్తే పది నిమిషాల పని గదా అమ్మా," అన్నాడు.

నా ఉద్యోగం తీసేయలేదు. కిరణ్ వెబ్‌హుక్కును ముట్టుకోలేదు, అవతలివైపు కబురు అందుకునే పద్ధతి మార్చాడు. ఇప్పుడు ఫోను మోగి మాటల్లో చెబుతుంది. ఊరికే నొక్కితే అందినట్టు కాదు, మీటరు దగ్గరికి వెళ్ళి అక్కడ కనిపించే అంకె కొట్టాలి. కొట్టకపోతే కబురు పలాసకు పోతుంది. ఈ పద్ధతినే మిగతా ఊళ్ళలోనూ పెట్టారు. నాలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు ఆపరేటర్లు బయటపడ్డారు.

దానయ్య మరుసటి ఏడాది పోయాడు. ఆ రెండు రోజుల నీళ్ళకూ దానికీ సంబంధం లేదని డాక్టరు గారు చెప్పారు. ఆ సంగతి అడిగింది నేను. ఎర్రమ్మ అడగలేదు.

కబురు చేరడం వేరు, తెలియడం వేరు. ఎవరి ఫోనుకు పోవాలో మిషన్‌కు చెప్పి పెట్టేటప్పుడే ఆ మనిషికి ఏది వచ్చో ఏది రాదో తేల్చుకోవాలి. తేల్చుకోవడం పెట్టేవాడి పని, దాచకుండా చెప్పడం ఆపరేటరు పని. కిరణ్ తన పని చేశాడు. నేను చేయలేదు.