వానలో కింది గొంతు

ఒకప్పుడు డిసెంబరు వచ్చిందంటే పోర్ట్ బ్లెయిర్ అంతా మిడిల్ పాయింట్‌లో నా క్యాసెట్ల షాపు ముందే ఉండేది. తెలుగు, తమిళం, హిందీ, బెంగాలీ, ఏ భాషలో క్రిస్మస్ పాట కావాలన్నా నా దగ్గరికి రావాల్సిందే. వేల క్యాసెట్లు! సరే, నిజం చెప్తాను. అది షాపు కాదు, మెట్ల కింద ఇరుకు కొట్టు. ఒక పక్క టైలరు, ఇంకో పక్క పాన్ డబ్బా. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే. క్యాసెట్లన్నీ ఒక్క అలమరాలో పట్టేవి. అయినా నా దగ్గర లేని క్రిస్మస్ పాట ఊళ్లో లేదన్నది మాత్రం అబద్ధం కాదు.

అలాంటి నాకు, సునామీ తర్వాత వచ్చిన మొదటి క్రిస్మస్‌కి, మా ఇంట్లోకి పనికొచ్చే పాట ఒక్కటి దొరకలేదు.

సునామీ రోజు కొబ్బరిచెట్టంత అలను కళ్లారా చూశానని చాలామందికి చెప్పాను. చూడలేదు. షాదీపూర్‌లో మా వీధి దాకా నీళ్లు రాలేదు. పండగ మర్నాడు పొద్దున్నే ఇల్లు ఊగుతుంటే నేను టీవీని పట్టుకున్నాను, మా ఆవిడ నన్ను పట్టుకుంది. వంటగదిలో టేప్ రికార్డరు మాత్రం పండగ పాట పాడుతూనే ఉంది. కార్ నికోబార్ దీవిలో టీచరుగా ఉన్న మా ఆవిడ చెల్లెలు ఆ పొద్దు తర్వాత మళ్లీ దొరకలేదు. ఏటా సెలవులకి మా ఇంటికొచ్చే పిల్ల, ఆ ఏడు ఓడ టికెట్ దొరక్క అక్కడే ఉండిపోయింది.

మా తెలుగు చర్చిలో అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి పాడేవారు. అక్కది పై గొంతు, చెల్లిది కింది గొంతు. "అక్కా, నువ్వలా ఎగిరిపోతే కింద నేను ఎవత్తితోటి పాడాలే?" అని చెల్లెలు వేళాకోళం ఆడేది.

మళ్లీ డిసెంబరు రాగానే చర్చి పెద్దలు మా ఇంటికొచ్చారు. "అమ్మా, నువ్వు పాడతానంటే ఇంటింటికీ పాటలకి వెళ్దాం. లేదంటే ఈ ఏడు మానేద్దాం" అన్నారు. ఆమె టీ ఇచ్చి వంటగదిలోకి వెళ్లిపోయింది. గిన్నెలు తోముతూ కూడా పాడే మనిషి, ఏడాదిగా కూనిరాగమైనా తియ్యలేదు.

ఇది నా చేతిలో పనే అనుకున్నాను. ఊరందరికీ పండగ సరదా అమ్మినవాణ్ణి, ఇంట్లో మనిషికి తెప్పించలేనా? ముందు పోయిన పండగ నాటి పాత క్యాసెట్ పెట్టాను. పాట మొదలవకముందే ఆపేసింది.

"అది వద్దండీ. అది వింటే మళ్లీ ఇల్లు ఊగతాది."

గణగణ మోగే గంటల మ్యూజిక్ పెట్టాను. "ఐస్‌ఫ్రూట్ బండొచ్చిందేటి?" అంది. హిందీ పాట పెట్టాను. "ఇది బరాత్‌కి బాగుంటాది. ఎవలికైనా పెళ్లైతే ఇవ్వండి" అంది.

కొట్టు దగ్గర టైలరుకి గోడు చెప్పుకుంటే, "భయ్యా, దీదీకి పాటలు తక్కువవలేదు, మీరు జ్యాదా అయిపోయారు. థోడా వదిలెయ్యండి" అన్నాడు.

అదే సమయానికి బ్యాటరీల కోసం వచ్చిన కార్ నికోబార్ మనిషి ఒకాయన మా మాటలు విన్నాడు. హాడో రేవులో ఉద్యోగం. సునామీ తర్వాత వచ్చేసిన తన చుట్టాలు క్వార్టర్స్ వెనక రేకుల షెడ్డులో రోజూ మధ్యాహ్నం క్రిస్మస్ పాటలు ప్రాక్టీస్ చేస్తున్నారని చెప్పాడు. ఆ పాట కోసం గాలివానకి ఎదురీది వెళ్లాను. అంటే, ఆటోలో వెళ్లాను. గాలీ లేదు, వానా లేదు. వాన నేను వెళ్లాక వచ్చింది.

షెడ్డులో ఆడా మగా గుండ్రంగా నిలబడి నికోబారీలో పాడుతున్నారు. గిటార్లు సముద్రంలో పోయాయి, చప్పట్లు కూడా లేవు, ఉత్త గొంతులే. మధ్యలో కుర్చీలో కూర్చున్న ఒక ముసలమ్మ చేత్తో నడిపిస్తోంది. నేను టేప్ రికార్డరు బటన్ నొక్కానో లేదో, రేకుల మీద దబదబమని వాన. గట్టిగా పాడమని సైగ చేశాను. ముసలమ్మ నవ్వి, "బాబూ, బారిష్ కో బోలో!" అంది. వానకే చెప్పుకోమని. పాట మాత్రం ఆపలేదు.

ఇంటికొచ్చి క్యాసెట్ పెట్టాను.

"వాన టేపు చేసుకొచ్చారా? మనింటి మీద పడతన్నది చాల్లేదేటి?" అంటూ ఆపబోయిన మా ఆవిడ చెయ్యి ఆగింది. "ఉండండి. ఎనక్కి తిప్పండి."

తిప్పాను. పై గొంతులన్నిటినీ వాన మింగేసింది. అడుగున ఒక్క గొంతు మాత్రం తొణక్కుండా సాగుతోంది. నాకు అప్పటిదాకా వినపడనే లేదు. మళ్లీ మళ్లీ తిప్పించింది.

"ఎవలిదండీ, ఈ కింది గొంతు?"

"చెయ్యి ఊపే ముసలమ్మది."

"నన్ను తీసుకెళ్లండి."

మర్నాడు ముసలమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరికీ కలిసే భాష బజారు హిందీయే. "పాడతావా?" అంది ముసలమ్మ. మాటలు రావంది మా ఆవిడ. "మాటలు నీవి పెట్టుకో, రాగం మాది తీసుకో" అంది ముసలమ్మ. మా ఆవిడ వచ్చీరాని తెలుగు మాటలు అల్లుకుంటూ అందుకుంది. అలవాటుగా పైకి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. కిందికి దిగి, ముసలమ్మ గొంతు పక్కనే నిలబడింది. ఒకచోట తప్పితే ముసలమ్మ ఆమె మోకాలి మీద చిన్నగా కొట్టింది. ఇద్దరూ నవ్వారు. నేను వానలో తడిసిన కళ్లజోడు తుడుచుకున్నాను. ఆ రోజు వాన లేదు.

తిరుగు ఆటోలో అంది: "ఇంటింటికీ వెళ్దామని పెద్దలకి చెప్పండి. కాకపోతే నేను చెల్లి గొంతు పాడతాను."

"మరి పై గొంతో?"

"మీరున్నారు కదేటి! పోర్ట్ బ్లెయిర్ అంతా మీ షాపు ముందే ఉంటాదంటారు."

అలా ఆ క్రిస్మస్‌కి షాదీపూర్ మొత్తం పై గొంతు నేనే పాడాను. రెండో ఇంటి దాకా. అక్కడ పాటని ఒక చర్చి పెద్దగారి కోడలికి అప్పగించి, నా చేతికి పెట్రోమాక్స్ లైటిచ్చారు. లైటు మాత్రం బ్రహ్మాండంగా పట్టాను. కింది గొంతు పక్కనే నడిచాను, ఆమె పాటల పుస్తకం మీద వెలుగు తప్పనివ్వలేదు. ఇందులో ఒక్క ముక్క పెంచలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి.